గట్టు మీద లెక్క, మబ్బులో లెక్క

2004 నాటి మాట. వరంగల్ జిల్లా ఆత్మకూరు మండలంలో ఊరుగొండ, గూడెప్పాడ్, ఓగ్లాపూర్ అని మూడు ఊళ్లు. ఆ ఏడు అక్కడి పత్తి చేలల్లోకి వారానికోసారి డిజిటల్ కెమెరా పట్టుకుని ఒక మనిషి వచ్చేవాడు. ఆకు ముడుచుకుంటే ఆకును, పూత మాడితే పూతను, కాయకు పురుగు తొలిస్తే కాయను ఫొటో తీసేవాడు. ఏ విత్తనం పెట్టారు, ఎప్పుడు పెట్టారు, ఏ మందు ఎంత కొట్టారు అన్నవి రాసుకునేవాడు. ఇదంతా సీడీలోకి ఎక్కించి, కొరియర్ సంచిలో వేసి హైదరాబాద్ పంపేవారు. అక్కడ ట్రిపుల్ ఐటీలో వ్యవసాయం చదువుకున్న నిపుణులు కంప్యూటర్ల ముందు కూర్చుని, ఒక్కో చేను ఫొటోలు చూసి, ఆ చేనుకి మాత్రమే పనికొచ్చే సలహా రాసేవారు. ఆ సలహా ఇంటర్నెట్ మీద ఊరికి తిరిగొచ్చేది. ప్రింటు తీసి రైతు చేతిలో పెట్టేవారు.

ఇలా 1,051 పత్తి చేలు చూశారు. దాని పేరు ఈ-సాగు. ప్రొఫెసర్ పి. కృష్ణారెడ్డి ఆధ్వర్యంలో, మీడియా ల్యాబ్ ఏషియా తోడ్పాటుతో జరిగిన ప్రయోగం.

ఇందులో నాకు ఎప్పుడూ ముచ్చటగా అనిపించే సంగతి ఒకటుంది. ఫొటోలు వెళ్లింది రోడ్డు మీద, సలహా వచ్చింది తీగ మీద. అప్పటి పల్లెల్లో ఉన్న నెట్ కనెక్షన్ మీద వందల ఫొటోలు పంపాలంటే అయ్యే పని కాదు. సలహా అయితే నాలుగు వాక్యాలు, ఇట్టే దిగిపోతుంది. చేను చెప్పాల్సింది చాలా బరువు, చేనుకి చెప్పాల్సింది చాలా తేలిక. ఈ తేడాని అర్థం చేసుకుని కట్టిన వ్యవస్థ అది. ‘క్లౌడ్ కంప్యూటింగ్’ అన్న మాట ఇంకా మన చెవిన పడలేదు. అమెజాన్ తన కంప్యూటర్లను గంటల లెక్కన అద్దెకివ్వడం 2006లో గానీ మొదలవ్వలేదు. కానీ చేలో కొలత, దూరాన ఎక్కడో లెక్క, మళ్లీ చేలోకి సలహా అన్న పద్ధతి అప్పటికే కొరియర్ సంచుల్లో తిరుగుతోంది.

అదే జిల్లా ఎందుకు, పత్తే ఎందుకు అంటే ఇంకో ఆరేళ్లు వెనక్కి పోవాలి. 1997-98లో వరంగల్ పత్తి రైతుల ఆత్మహత్యలు దేశాన్ని కుదిపేశాయి. వాన అదును తప్పింది. పురుగు పడింది. కొట్టిన మందుకు పురుగు చావలేదు. మళ్లీ కొట్టారు. మళ్లీ అప్పు. ఆ అప్పు ఇచ్చిందీ, విత్తనం అమ్మిందీ, మందు అమ్మిందీ, ‘ఈ పురుగుకి ఇది కొట్టు’ అని చెప్పిందీ చాలాచోట్ల ఒక్కరే: పురుగుమందుల షాపాయన. సలహా, సరుకు, అప్పు మూడూ ఒకే నోటి నుంచి, ఒకే చేతి నుంచి వస్తే ఏమవుతుందో ఆ ఏడాది తెలిసింది. ఈ-సాగు చేసిన అసలు పని సాంకేతికం కాదు. సలహాని షాపు నుంచి విడదీసింది. సలహా చెప్పే మనిషికి మందు డబ్బా అమ్ముకోవాల్సిన అవసరం లేకుండా చేసింది.

అందుకే సాగులో కంప్యూటర్ల చరిత్ర అనగానే డ్రోన్ల ఫొటోలతో మొదలుపెట్టాలని నాకు అనిపించదు. మూడు ప్రశ్నలతో మొదలుపెట్టాలనిపిస్తుంది. చేలో ఉన్నది ఎవరు కొలుస్తున్నారు? లెక్క ఎక్కడ చేస్తున్నారు? చివరి మాట ఎవరిది?

* * *

క్లౌడ్ అంటే మనకి తెలిసిందే. ఎక్కడో ఉన్న పెద్ద గోదాములాంటి భవనం, దాని నిండా కంప్యూటర్లు. మన ఫొటోలూ, బ్యాంకు లెక్కలూ, సినిమాలూ అక్కడే ఉంటాయి. ఎడ్జ్ అంటే దానికి ఇవతలి కొస. సమాచారం పుట్టిన చోటే, లేదా దానికి దగ్గర్లోనే లెక్క చేసెయ్యడం. ఎడ్జ్ అంటే అంచు. పొలానికి అంచు ఏమిటి? గట్టే కదా. కాబట్టి ఈ వ్యాసంలో నేను వాటిని గట్టు, మబ్బు అనే పిలుస్తాను. రైతుకి రెండూ పాత చుట్టాలే. (ఈ రెంటికీ మధ్యన ఉండే కంప్యూటర్లకి సిస్కో కంపెనీ వాళ్లు ‘ఫాగ్’ అని పేరు పెట్టారు. అంటే పొగమంచు. నేలకి దిగిన మబ్బన్నమాట.)

గట్టు మీద లెక్క ఎందుకు కావాలి? పల్లెలో నెట్ ఉండదు, ఉన్నా సన్నం. కరెంటు పోతుంది. కొన్ని పనులకి ఆగే టైము కూడా ఉండదు.

మైక్రోసాఫ్ట్ పరిశోధకుడు రణ్‌వీర్ చంద్ర జంషెడ్‌పూర్‌లో పెరిగినవాడు. చిన్నప్పటి సెలవులు బీహార్ పల్లెల్లో తాతగారిళ్లలో గడిచాయి. ఆయన బృందం ‘ఫార్మ్‌బీట్స్’ అనే వ్యవస్థ గురించి 2017లో పరిశోధనా పత్రం ప్రచురించింది. అమెరికాలో వాషింగ్టన్, న్యూయార్క్ రాష్ట్రాల్లోని పొలాల్లో దాన్ని పెట్టి చూశారు. అక్కడ కూడా రైతు ఇంటిదాకా నెట్ ఉంది గానీ చేలోకి లేదు. దానికి వాళ్లు వాడింది ఖాళీ టీవీ ఛానెళ్లని. పట్నంలో ఛానెళ్లు కిక్కిరిసి ఉంటాయి, పల్లెలో చాలా భాగం ఖాళీ. ఆ తరంగాలు చెట్లనీ పైరునీ దాటుకుని మైళ్ల దూరం పోగలవు. ఇక డ్రోన్ తీసిన వీడియో అంతా మబ్బులోకి ఎక్కించడం ఆ నెట్‌తో కుదరదు కాబట్టి, రైతు ఇంట్లో ఒక మామూలు కంప్యూటర్ పెట్టారు. వీడియోని అతికించి చేను పటం తయారుచెయ్యడం దాని పని. మబ్బుకి వెళ్లేది సారాంశం మాత్రమే. డ్రోన్ బ్యాటరీ త్వరగా అయిపోతుందని, హీలియం బెలూన్‌కి ఫోను కట్టి ఎగరేసి కూడా చూశారు.

కొరియర్ సంచిలో సీడీ వేసినవాళ్ల తిప్పలూ, అమెరికాలో బెలూన్ ఎగరేసినవాళ్ల తిప్పలూ ఒకటేనన్నమాట. చేను మాట బరువు.

* * *

అయితే గట్టుకి చేతకానిది, మబ్బుకి మాత్రమే చేతనయ్యేది ఒకటుంది. జ్ఞాపకం.

కర్నూలు జిల్లా దేవనకొండ. వేరుశనగ నేల, వాన తక్కువ. తొలకరి పడగానే విత్తాలని చెయ్యి ఉరుకుతుంది. విత్తాక పది రోజులు వాన మొహం చాటేస్తే మొలక మాడిపోతుంది, మళ్లీ విత్తనాలు కొనాలి. వేరుశనగలో విత్తనం ఖర్చే పెద్ద ఖర్చు. అదను కోసం పెద్దలు కార్తెలు లెక్కపెట్టారు. పిడికెడు మట్టి తీసి ఉండ చేసి పదును చూశారు. అవి వాళ్ల గట్టు లెక్కలు.

2016 ఖరీఫ్‌లో పటాన్‌చెరు ఇక్రిశాట్, మైక్రోసాఫ్ట్, ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం కలిసి దేవనకొండ మండలంలో 175 మంది రైతులతో ఒక ప్రయోగం చేశాయి. ఆ ప్రాంతపు 30 ఏళ్ల వాతావరణ లెక్కలు తీసుకున్నారు. నేలలో పంటకి సరిపడా తేమ ఎప్పుడు నిలుస్తుందో సూచించే అంకె ఒకటి కట్టారు. పదునుకి అంకెల రూపమనుకోవచ్చు. దానికి రానున్న రోజుల వాన అంచనా కలిపారు. రైతుకి స్మార్ట్‌ఫోను అక్కర్లేదు, చేలో ఏ పరికరమూ పెట్టలేదు. మామూలు ఫోనుకి తెలుగులో ఎస్సెమ్మెస్. జూన్ మొదటి వారంలో విత్తడం అలవాటైన చోట, ఇప్పుడే వద్దు, ఆగండి అని చెప్పింది. జూన్ నాలుగో వారంలో విత్తండి అంది. ఆగి విత్తినవాళ్లకి సగటున 30 శాతం దిగుబడి ఎక్కువ వచ్చిందని ఇక్రిశాట్ ప్రకటించింది. మరుసటి ఏడు దీన్ని ఆంధ్ర, కర్ణాటకల్లో 3,000 మందికి పైగా రైతులకి విస్తరించారు.

జూన్ నాలుగో వారమంటే ఆరుద్ర కార్తె. తాతల లెక్కే నిజమైంది అనేసుకుని సంబరపడితే తప్పు. కార్తె ప్రతి ఏడూ దాదాపు అదే తారీకుకి వస్తుంది. వాన రాదు. ‘ఈ ఏడాది, ఈ మండలంలో ఎప్పుడు’ అన్న ప్రశ్నకి జవాబు కావాలంటే ఒక మనిషి జ్ఞాపకం చాలదు. దశాబ్దాల పాటు రోజూ ఎవరో ఒకరు వానమాపకం దగ్గరికి వెళ్లి, గాజు గొట్టంలో నీటి మట్టం చూసి, పుస్తకంలో రాసిన అంకెలు కావాలి. మబ్బులో ఉన్న తెలివి కూడా మొదట నేల మీద ఎవరో వంగి చూసి రాసిందే.

కానీ పై మూడు ప్రశ్నల్ని ఇక్కడ అడిగి చూడండి. కొలిచింది రైతు కాదు. లెక్క రైతు దగ్గర జరగలేదు. ఎందుకు ఆగమంటోందో ఎస్సెమ్మెస్ చెప్పదు. నమ్మినవాడికి లాభం వచ్చింది, మంచిదే. ఏ ఏడైనా లెక్క తప్పితే మాత్రం, ఎక్కడ తప్పిందో వెనక్కి వెళ్లి చూసుకోగల దారి అతనికి లేదు.

* * *

ఇప్పుడు దీనికి పూర్తిగా ఎదురు కొసన ఉన్న కథ. ఇందులో మబ్బు లేదు, అసలు కంప్యూటరే ముఖ్యం కాదు.

రాయలసీమ, ప్రకాశం, నల్లగొండ, మహబూబ్‌నగర్ ప్రాంతాల్లో బోర్లు ఎండిపోవడం మనకి తెలిసిన విషాదమే. ఒక బోరు ఎండితే ఇంకో బోరు, అది వంద అడుగులు ఎక్కువ లోతు, దానికో అప్పు. భూమి కింద ఉన్న నీరు అందరిదీ, వేసే బోరు ఎవరిది వాళ్లది. 2003 తర్వాత ఏడు జిల్లాల్లో, ఆరువందలకి పైగా ఊళ్లలో ‘ఆంధ్రప్రదేశ్ రైతుల యాజమాన్య భూగర్భజల వ్యవస్థలు’ అనే కార్యక్రమం నడిచింది. పేరు నోరు తిరగదు, అందరూ ఇంగ్లీషు పొడి అక్షరాల్లో ‘ఏపీఫామ్స్’ అన్నారు. ఐక్యరాజ్యసమితి ఆహార వ్యవసాయ సంస్థ తోడ్పాటు, క్షేత్రంలో స్వచ్ఛంద సంస్థల పని.

అక్కడ జరిగింది ఇది. ఊళ్లో కొన్ని బావులనీ బోర్లనీ ఎంచుకుని, నీళ్లు ఎంత లోతులో ఉన్నాయో రైతులే క్రమం తప్పకుండా కొలిచారు. మగవాళ్లూ ఆడవాళ్లూ కొలతలు నేర్చుకున్నారు. బోరు ఎంత పోస్తోందో తెలుసుకోవడానికి కావాల్సింది ఒక డ్రమ్మూ, ఒక గడియారమూ: ఇన్ని లీటర్లు నిండటానికి ఎన్ని సెకన్లు పట్టింది? వాన పడితే వానమాపకం చూసి రాశారు. ఆ అంకెల్ని ఊరి మధ్య గోడ మీద అందరికీ కనిపించేలా పెట్టారు. ఖరీఫ్ వానలు అయిపోయాక, రబీ విత్తే ముందు అందరూ కూర్చునేవారు. ఈ ఏడు నేలలోకి ఎంత నీరు దిగింది? ఎవరు ఏ పంట ఎన్ని ఎకరాలు వేద్దామనుకుంటున్నారు? ఆ పంటలకి ఎంత నీరు కావాలి? ఉన్నదానిలోంచి కావాల్సింది తీసేస్తే మిగులా, లోటా? ఇది నీటి బడ్జెట్.

ఆ తర్వాత? ఏమీ లేదు. వరి వెయ్యొద్దని ఆంక్ష లేదు, జరిమానా లేదు. లెక్క అందరికీ తెలుసు, అంతే. ఎవరి నిర్ణయం వాళ్లు తీసుకుని ఇంటికి వెళ్లారు. చాలా ఊళ్లలో రైతులు వరి తగ్గించి ఆరుతడి పంటలకి మళ్లారని కార్యక్రమం నివేదికలు చెప్పాయి. ప్రపంచ బ్యాంకు 2010లో భారతదేశపు భూగర్భజలాల మీద వేసిన నివేదికలో దీన్ని మెచ్చుకుంది. ఆ మార్పులో ఎంత వంతు ఈ లెక్కది, ఎంత వానదీ మార్కెట్ ధరదీ అన్న వాదన తర్వాత పరిశోధకుల మధ్య నడిచింది. ఆ వాదన అవసరమే. అయినా ఒక మాట మాత్రం మిగులుతుంది. అక్కడ కొలిచిందీ, లెక్క చేసిందీ, చివరి మాట అన్నదీ ఒక్కరే. లెక్క తప్పయితే పక్కబావి రైతే లేచి, కాదు, నా బావిలో ఇంత లేదు అనగలడు.

దీని బలహీనత కూడా అక్కడే ఉంది. క్రమం తప్పకుండా వెళ్లి కొలవాలంటే ఓపిక కావాలి, శిక్షణ కావాలి, కూర్చోబెట్టే మనిషి కావాలి. ప్రాజెక్టులకి గడువులుంటాయి, బావులకి ఉండవు. సెన్సర్ అలిసిపోదు. యంత్రం సాయం ఇక్కడ నిజంగా పనికొస్తుంది, కానీ గోడ మీద రాసే అంకె మళ్లీ ఎవరి ఫోనులోకో మాయమైపోకపోతేనే.

* * *

లెక్క గట్టు మీద జరిగినంత మాత్రాన అధికారం కూడా గట్టు మీదే ఉంటుందా? ఉండదు. దానికి అమెరికా ట్రాక్టర్ల కథ చూడాలి.

2017లో జాన్ డీర్ కంపెనీ, కాలిఫోర్నియాలోని బ్లూ రివర్ టెక్నాలజీ అనే చిన్న సంస్థని 30 కోట్ల 50 లక్షల డాలర్లకి కొంది. తర్వాత వచ్చిన యంత్రం పేరు ‘సీ అండ్ స్ప్రే’. చేను మీద వెళ్తూ, బూమ్‌కి ఉన్న 36 కెమెరాలతో ఏది పైరో ఏది కలుపో చూసి, కలుపు మీద మాత్రమే మందు కొడుతుంది. యంత్రం ఆగదు కాబట్టి, కెమెరా చూసిన క్షణానికీ నాజిల్ తెరుచుకునే క్షణానికీ మధ్య రెప్పపాటు కూడా ఉండదు. ఆ ఫొటో మబ్బులోకి వెళ్లి జవాబు తెచ్చేసరికి కలుపు మొక్క వెనకపడిపోతుంది. అందుకని లెక్కంతా యంత్రం మీదున్న కంప్యూటర్లలోనే. ఇంతకన్నా అచ్చమైన గట్టు లెక్క ఉండదు. మందు ఖర్చు తగ్గుతుంది, నేలకీ మేలు.

ఇప్పుడు 2022 వసంతం. యుక్రెయిన్‌లో మెలిటోపోల్ అనే ఊరు రష్యా సైన్యం చేతిలో పడింది. అక్కడి జాన్ డీర్ డీలర్ దగ్గరున్న 27 యంత్రాలని సైనికులు ఎత్తుకుపోయారు. విలువ దాదాపు 50 లక్షల డాలర్లు. కొన్ని 700 మైళ్లకి పైగా ప్రయాణించి చెచెన్యా చేరాయి. తీరా మొదలుపెడితే కదల్లేదు. దూరం నుంచే తాళం వేసేశారు. వార్త చదివి ప్రపంచమంతా దొంగలకి బాగా అయిందని నవ్వుకుంది. అమెరికా రైతుల్లో కొందరు మాత్రం నవ్వలేకపోయారు. దొంగకి వేసిన తాళం యజమానికీ వెయ్యగలరు కదా. సొంత డబ్బుతో కొన్న ట్రాక్టర్‌ని సొంతంగా బాగుచేసుకునే హక్కు కోసం వాళ్లు అప్పటికే ఏళ్లుగా పోరాడుతున్నారు. తప్పు ఎక్కడుందో పూర్తిగా చూపించే సాఫ్ట్‌వేర్ అప్పట్లో డీలర్ చేతిలో ఉండేది. కోత రోజున యంత్రం ఆగితే మెకానిక్ కోసం ఎదురుచూడాల్సి వచ్చేది.

లెక్క గట్టు మీద, తాళంచెవి మబ్బులో. ఎక్కడ లెక్క జరుగుతోందన్నది ఇంజనీర్ల ప్రశ్న. తాళంచెవి ఎవరి దగ్గరుందన్నదే రైతు ప్రశ్న.

* * *

మళ్లీ పత్తి దగ్గరికే వద్దాం. 2002లో బీటీ పత్తి వచ్చింది, కాయతొలుచు పురుగుల బెడద తగ్గిందనుకున్నారు. పది పదిహేనేళ్లు తిరిగేసరికి గులాబీ రంగు పురుగు దానికి అలవాటుపడి మళ్లీ వచ్చింది. దాన్ని కనిపెట్టడానికి చేలో లింగాకర్షక బుట్టలు కడతారు. ఆడ పురుగు వాసనకి మగ రెక్కల పురుగులు వచ్చి బుట్టలో పడతాయి. వరుసగా మూడు రోజులు బుట్టకి 8 చొప్పున పడితే మందు కొట్టాల్సిన స్థాయికి చేరిందని లెక్క. అంతకన్నా తక్కువుంటే కొట్టనక్కర్లేదు.

ముంబైలోని వాధ్వానీ ఏఐ సంస్థ ఈ లెక్కకే ఒక యాప్ చేసింది. బుట్టలో పడ్డ పురుగుల్ని కాగితం మీద పోసి ఫోనుతో ఫొటో తీస్తే, అది లెక్కపెట్టి మందు అవసరమా కాదా చెప్తుంది. లెక్కపెట్టే ప్రోగ్రాముని నెట్ లేని చేలో కూడా మామూలు ఫోనులో పనిచేసేంత చిన్నగా కుదించారు. నాకు ఇందులో నచ్చేది రైతు కళ్లముందే అంతా జరగడం. పురుగులు కాగితం మీదే ఉన్నాయి. యాప్ 9 అంటే వేలు పెట్టి తనూ లెక్కపెట్టుకోవచ్చు. 1998లో ‘ఈ పురుగుకి ఇది కొట్టు’ అన్న మాటకి ఇలా సరిచూసుకునే వీలు లేదు.

* * *

ఇన్నాళ్లూ ప్రయోగాలు మండలాల్లో, వందల మందితో జరిగాయి. ఇప్పుడు రాష్ట్రాలూ, దేశమూ. తెలంగాణలో ‘సాగు బాగు’ ఖమ్మం మిర్చి రైతులు 7,000 మందితో నడిచింది. ఎకరా దిగుబడి 21 శాతం పెరిగిందని ప్రపంచ ఆర్థిక వేదిక ప్రకటించింది. 2023లో అదే రాష్ట్రం వ్యవసాయ డేటా మార్పిడికి ఒక వేదిక తెరిచింది. కేంద్రం ‘అగ్రిస్టాక్’ పేరుతో రైతుకో గుర్తింపు సంఖ్య ఇచ్చి, భూమి, పంట, అప్పు, పథకం అన్నిటినీ దానికి ముడిపెడుతోంది. 2021లో దీనికి సంబంధించి కేంద్ర వ్యవసాయ శాఖ ఆంధ్రప్రదేశ్‌తో సహా 6 రాష్ట్రాల్లోని 100 ఊళ్ల కోసం మైక్రోసాఫ్ట్‌తో ఒప్పందం చేసుకున్నప్పుడు, 50కి పైగా రైతు సంఘాలూ పౌర సంస్థలూ కలిసి అభ్యంతరం చెప్తూ లేఖ రాశాయి. రైతుని అడక్కుండా రైతు సమాచారం ఎలా ఇస్తారన్నది ఒక ప్రశ్న. భూమి రికార్డులే పునాది అయితే, రికార్డులో లేనివాళ్ల సంగతేమిటన్నది రెండో ప్రశ్న.

రెండోది మన దగ్గర చాలా పెద్ద ప్రశ్న. రెండు రాష్ట్రాల్లోనూ దున్నేవాళ్లలో బోలెడంతమంది కౌలు రైతులు. 2018లో తెలంగాణలో రైతుబంధు డబ్బు పట్టాదారుకి వెళ్లింది, కౌలుదారుకి రాలేదు. ఆంధ్రప్రదేశ్‌లో కౌలు రైతుల కోసం 2011లో ఒక చట్టం, 2019లో ఇంకో చట్టం వచ్చాయి. రెండోదాని ప్రకారం కార్డు కావాలంటే భూ యజమాని సంతకం పెట్టాలి. కాగితం రాసిస్తే భూమి పోతుందేమోనని సంతకం పెట్టని యజమానులే ఎక్కువ.

అందువల్ల ఇలా జరగొచ్చు. ఉపగ్రహం చేను చూస్తుంది. మబ్బు ఆ చేనుకి పురుగు రాబోతోందని లెక్క కడుతుంది. ఆ లెక్క తప్పు కూడా కాకపోవచ్చు. మెసేజ్ పట్టాదారు ఫోనుకి వెళ్తుంది. ఆయన హైదరాబాద్‌లోనో, డల్లాస్‌లోనో ఉంటాడు. ఈ వ్యాసం చదువుతున్న మనలో కొందరి నాన్నగారు కావచ్చు, మనమే కావచ్చు. గట్టు మీద నిలబడ్డ మనిషికి ఏమీ రాదు. అతను మళ్లీ పురుగుమందుల షాపుకే వెళ్తాడు.

2004లో కెమెరా పట్టుకుని వచ్చిన మనిషికి చేలో ఎదురుపడేది సాగు చేసే మనిషే. నీటి బడ్జెట్ కోసం కూర్చున్నచోట, బోరు నీళ్లతో పంట వేసేది ఎవరో ఊరందరికీ తెలుసు. ఆ రెండు పద్ధతులూ నెమ్మది, ఖర్చు, చిన్నవి. కానీ మనిషిని చూసి మొదలయ్యాయి. ఇప్పటిది పట్టా చూసి మొదలవుతోంది.

దీనికి మందు సాంకేతికంగా కష్టమైనదేమీ కాదు. చేను వివరాలు అడిగే ప్రతి ఫారంలోనూ ‘యజమాని పేరు’ కింద ఇంకో గడి పెట్టాలి: ఈ ఏడు ఈ చేను ఎవరు చేస్తున్నారు? ఆ గడి నింపడానికి యజమాని సంతకం అక్కర్లేదనాలి. ఆ ఒక్క గడికి మన లెక్కల్లో చోటు దొరకాలి.